సిమ్ మనది, తాళం అమెరికాది

లాప్‌టాప్‌లోనే సిమ్ వేసుకోవచ్చంటే మురిసిపోయి మరో నాలుగు డబ్బులు ఎక్కువ పోస్తాం. తీరా చూస్తే కొన్ని మోడళ్లలో సిమ్ గూడు ఉంటుంది, యాంటెన్నా తీగలుంటాయి, మోడెమ్ కార్డే ఉండదు! పీటలు మేం వేశాం, పెళ్లికొడుకుని మీరు తెచ్చుకోండన్నట్టు. దీనికి పెట్టిన ముద్దుపేరు ‘డబ్ల్యూవ్యాన్ రెడీ’. పోనీ బయట కార్డు కొని బిగిద్దామా? పాత థింక్‌ప్యాడ్‌లైతే తమ జాబితాలో లేని కార్డు కనబడగానే 1802 ఎర్రర్ చూపించి, బూట్ కావడానికే మొరాయించేవి.

లైనక్స్ వాడేవారి యోగం ఇంకా ఘనం. కార్డు కనిపిస్తుంది, సిమ్ కనిపిస్తుంది, నెట్ మాత్రం రాదు. అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధనల పేరిట కొన్ని మోడెముల రేడియోకు కంపెనీలే తాళం వేసి పంపుతాయి మరి. విజయవాడలో కూర్చున్నా ఆ తాళం తాళమే! లైనక్స్‌లో మోడెమ్‌ను నడిపే మోడెమ్‌మేనేజర్ అనే ప్రోగ్రామ్ 1.18.4 వెర్షన్ నుంచి దాన్ని తనంతట తాను తీయడం మానేసింది. తాళం తీసే స్క్రిప్టును మనమే ఎనేబుల్ చేసుకోవాలి. ఈ సంగతి తెలియక జనం నెట్‌వర్క్ సెట్టింగైన ఏపీఎన్‌ను మార్చీ మార్చీ అలసిపోతారు (అదీ ఒక్కోసారి తప్పే ఉంటుందనుకోండి).

కొనేవారికో మాట: దుకాణంలోనే మీ సిమ్ వేయించి, వైఫై ఆపించి, ఒక్క పేజీ తెరిపించండి. తెరుచుకున్నాకే పర్సు తీయండి.