పదికి 10.4

యమధర్మరాజుకు గుడి ఉన్న ఊరు మా ధర్మపురి. చిత్రగుప్తుడు చిన్న తప్పు కూడా వదలడని మావాళ్ల నమ్మకం. ఆయనకు మన పదో తరగతి జీపీఏ లెక్క అప్పగించి ఉంటే చిట్టా గోదాట్లో కలిపి సెలవు పెట్టేవాడు.

2024 దాకా నడిచిన ఆ లెక్క చెబుతా వినండి. ఒక సబ్జెక్టులో 91 నుంచి 100 దాకా ఎన్నొచ్చినా ఏ1, పది పాయింట్లు. 81 నుంచి 90 దాకా ఏ2, తొమ్మిది. ఇలా మెట్టు మెట్టు దిగాలి. ఆరు సబ్జెక్టుల పాయింట్లు కూడి ఆరుతో భాగిస్తే జీపీఏ. కోరుట్ల పిల్లగాడికి ఆరింటిలోనూ 91 చొప్పున 546 వచ్చాయనుకుందాం. జీపీఏ 10. సిరిసిల్ల పిల్లకు ఐదింటిలో నూటికి నూరు, లెక్కల్లో 90, మొత్తం 590. జీపీఏ 9.8. పిల్లగాడి ఫొటో బస్టాండు ఫ్లెక్సీ మీద నవ్వుతుంటుంది. నలభై నాలుగు మార్కులు ఎక్కువ తెచ్చుకున్న పాపానికి పిల్ల ఇంట్లో ఏడుస్తుంటుంది.

ర్యాంకుల పిచ్చి వదిలించడానికే గ్రేడ్లు తెచ్చామన్నారు. ర్యాంకులు పోయాయి, పిచ్చి ఫ్లెక్సీ కట్టుకుని కూర్చుంది.

2021లో కరోనా వల్ల పరీక్షలు రద్దు చేసి, బడిలో వేసిన ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కులతోనే గ్రేడ్లిచ్చారు. తెలంగాణలో సుమారు 5 లక్షల 21 వేల మందిలో 2 లక్షల 10 వేల మందికి పైగా పదికి పది! పరీక్ష పెట్టకపోతే మన పిల్లలు ఎంత తెలివైనవాళ్లో అప్పుడు తెలిసింది.

ఇక బాసర ట్రిపుల్ ఐటీ. జీపీఏతో సీట్లిచ్చిన రోజుల్లో సర్కారు బడి పిల్లలకు 0.4 కలిపేవారు. బీడీలు చుట్టే తల్లి బిడ్డకు ఆమాత్రం దక్కాల్సిందే, దాన్ని తప్పుపట్టను. కానీ పదికి 10.4 వచ్చిన లెక్క చూసి నవ్వకుండా ఎట్లా? గ్రేడ్లన్నీ సమానమైతే వయసులో పెద్దవాడికే సీటు. బిడ్డ చదువు గురించి అమ్మానాన్నలు పెళ్లి ముహూర్తం నాడే ఆలోచించి ఉండాల్సింది.

నాచుపల్లి జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీకి వెళితే కథ మారుతుంది. అక్కడ క్రెడిట్లుంటాయి. నాలుగు క్రెడిట్ల థియరీలో 6, ఒక క్రెడిట్ ల్యాబ్‌లో 10 వస్తే సగటు 8 అని పిల్లలు నాన్నకు ఫోన్ చేస్తారు. నాలుగార్లు ఇరవై నాలుగు, ఒక పది, మొత్తం 34. అయిదు క్రెడిట్లతో భాగిస్తే 6.8. దుబాయిలో నాన్న మాత్రం అప్పటికే మిఠాయి పంచేసి ఉంటాడు. పర్సంటేజీ అడిగితే మరో తిరకాసు. సీబీఎస్‌ఈ పాత లెక్కలో 9.5తో గుణించాలి, జేఎన్‌టీయూలో 0.5 తీసేసి పదితో గుణించాలి. 7.8 ఒకచోట 74.1, ఇంకోచోట 73. చదివింది అదే బుర్ర.

2024 నవంబరులో ప్రభుత్వం పదో తరగతి జీపీఏ ఎత్తేసింది. 2025 మెమోల్లో మార్కులు మళ్లీ వచ్చాయి. ఫ్లెక్సీ కొట్టుకు గిరాకీ ఏం తగ్గలేదు, అంకెలు మారాయంతే.

కాబట్టి అమ్మలారా, అయ్యలారా, ఎవరైనా మీ పిల్లల గ్రేడు చూపించి ఫీజు అడిగితే, కట్టేముందు ఒక్కమాట అడగండి: దేన్ని దేనితో భాగించారు సారూ?