కొనాలా, అరువు తేవాలా?
రిజర్వు బ్యాంకు గవర్నరు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నరు గారి సముఖానికి, విజయనగరం నుంచి ఒక సేవింగ్స్ ఖాతాదారుడు చేసుకుంటున్న విన్నపం.

అయ్యా,

రెపో రేటు పెంచాలా తగ్గించాలా అని మీ ద్రవ్య విధాన కమిటీలో ఆరుగురు కూర్చుని మూడు రోజులు తర్జనభర్జన పడతారు. ఓట్లు సమానమైతే గవర్నరుగారికి ఇంకో ఓటు ఉంటుంది. మా ఇంటి కమిటీలో సభ్యులం ఇద్దరమే. ఆ ఇంకో ఓటు మాత్రం నాది కాదు. అజెండాలో ఉన్నది ఒక్కటే అంశం. మన డబ్బు మనం ఎలా చూసుకోవాలో చెప్పే పుస్తకం ఒకటి వచ్చింది, వెల 399 రూపాయలు. దాన్ని కొనాలా, లైబ్రరీ నుంచి తెచ్చుకుని చదవాలా? తీర్మానం వాయిదాల మీద వాయిదాలు పడుతోంది. అప్పుల సంగతిలో ఈ దేశంలో మీకన్నా పెద్దమనిషి లేరు కాబట్టి పంచాయితీ మీ ముందుకు తెచ్చాను.

మా ప్రాంతం మీ కుర్చీకి కొత్తదేం కాదు. 2008 నుంచి 2013 దాకా అందులో కూర్చున్న దువ్వూరి సుబ్బారావు గారు కొలువు మొదట్లో మా పార్వతీపురంలో సబ్ కలెక్టరుగా పనిచేశారు. అప్పట్లో అది శ్రీకాకుళం జిల్లా. 1979లో విజయనగరం జిల్లాలోకి వచ్చింది, 2022లో తానే ఒక జిల్లా కేంద్రమైంది. ఊరు కదల్లేదు, జిల్లాలే మారాయి. ఇక్కడి జనం అప్పుల సంగతి ఆయన్ని అడిగితే నాకన్నా బాగా చెబుతారు.

ఇక కేసు వివరాలు. గంటస్తంభం దగ్గర ఒక కొట్లో ఆ పుస్తకం చూశాను. చుట్టూ బిగుతుగా ప్లాస్టిక్ కాగితం. లోపల ఏముందో ఓ పేజీ తిప్పి చూద్దామని గోరు పెట్టబోతే, కౌంటరు దగ్గరి కుర్రాడు "విప్పితే తీసుకోవాల్సిందే మాస్టారూ" అన్నాడు. చూడకుండా డబ్బు పెట్టొద్దని పెట్టుబడుల గురించి మీరూ సెబీ వారూ ఊరూరా చెబుతుంటారు. ఆ సలహా ఇచ్చే పుస్తకాన్నే చూడకుండా కొనమంటే ఎలాగండీ?

లెక్క కూడా వేశాను. ఈ జాతి పుస్తకాలన్నీ తిప్పితిప్పి చెప్పేవి రెండు మాటలు: అక్కర్లేనివి కొనకు, మిగిలింది మదుపు చెయ్యి. మొదటి మాట వింటే ముందు ఆ పుస్తకమే కొనకూడదు. రెండో మాట విని ఆ 399 రూపాయల్నీ ఏడాదికి 12 శాతం పెరిగేచోట పెడితే, చక్రవడ్డీ మీద 30 ఏళ్ళకి దాదాపు 12 వేలవుతుంది. అంటే నేనివాళ కొనబోయే పుస్తకం 12 వేలన్నమాట. ముప్పై ఏళ్ళపాటు తప్పకుండా 12 శాతం ఎవరిస్తారని మాత్రం నన్నడక్కండి. ఆ ప్రశ్న ఆ రచయితల్నే అడగాలి.

ఇదంతా విని మా ఇంటావిడ, "ఏటండీ, పొదుపు పుస్తకం కొనడం పొదుపులోకొస్తాదా, ఖర్చులోకొస్తాదా?" అంది. ఆవిడ దగ్గరున్న ఆర్థిక గ్రంథమల్లా డ్వాక్రా సంఘం పాస్‌బుక్కు ఒక్కటే. దాన్నిండా అంకెలే గాని ఉపదేశాలుండవు. నెలనెలా పొదుపు ఎంత కట్టిందీ, అప్పు ఎంత తీసుకుందీ, వాయిదా ఎంత తీరిందీ, అంతే. సంఘంలో పదిమంది ముందు బాకీ పడడం కన్నా పెద్ద క్రమశిక్షణ ఏ పుస్తకంలో ఉందో చెప్పమంటుంది.

సరే, అరువే మేలని మా శాఖా గ్రంథాలయానికి వెళ్ళాను. ఎప్పటిలాగే బల్లలన్నీ గ్రూప్స్ పరీక్షలకి చదివే పిల్లలతో నిండి ఉన్నాయి. పుస్తకం అడిగితే లైబ్రేరియన్ గారు రిజిస్టరు తీశారు. "ఉంది మాస్టారూ, రిజిస్టర్లో ఉంది. అల్మారాలోనే లేదు" అన్నారు. పేజీ నా వైపు తిప్పి చూపించారు. పుస్తకం నంబరు, తీసుకున్నాయన సంతకం, తేదీ, అన్నీ ఉన్నాయి. తిరిగి ఇచ్చిన తేదీ రాసే గడి మాత్రం ఖాళీ. పక్షం గడువుకి తీసుకెళ్ళిన పుస్తకం, సంవత్సరం మారింది.

అయ్యా, వాయిదా 90 రోజులు దాటితే మొండి బకాయి కింద రాసుకోమన్నది మీ నిబంధనే. అప్పులు సకాలంలో తీర్చమని చెప్పే పుస్తకం తీసుకెళ్ళి దాన్నే ఎగ్గొట్టినాయన్ని ఏ పద్దు కింద రాయాలి? పుస్తకం పూర్తిగా చదవలేదనుకుంటే అమాయకుడు, చదివాడనుకుంటే ఉద్దేశపూర్వక ఎగవేతదారు. ఇంటి మీదికి వెళ్ళి జప్తు చేద్దామంటే 2002 నాటి సర్ఫేసీ చట్టం బ్యాంకుల్లాంటి ఆర్థిక సంస్థలకే వర్తిస్తుంది, మా లైబ్రేరియన్ గారికి కాదు. పైగా ఆయన కట్టిన ధరావతు కన్నా పుస్తకం వెల ఎక్కువ. చాలని తనఖా మీద అప్పిస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?

ఇలాంటివి మా జిల్లాకి కొత్త కాదు. 1897లో అచ్చయిన కన్యాశుల్కంలో గిరీశం, సంతలో సామాను తెమ్మని పూటకూళ్ళమ్మ ఇచ్చిన 20 రూపాయల్ని వేరేచోట తగలేసి ఊరొదిలి ఉడాయిస్తాడు. నిధుల మళ్ళింపు అని మీరు సర్క్యులర్లలో రాసేది దీన్నే. శిష్యుడి చేత కొనాల్సిన పుస్తకాల జాబితా రాయించి అందులోంచి చుట్టల ఖర్చు రాబట్టే ఎత్తు వేసిందీ ఆయనే. శ్రీకాకుళం వైపు వెళితే నవ్వు ఆగిపోతుంది. కాళీపట్నం రామారావు మాస్టారి 'యజ్ఞం' ఊరి పంచాయితీలో ఒక పాత బాకీ తేలే కథ. అప్పు ఎలా పుడుతుందో, తరం దాటి బిడ్డల్ని కంబారీలుగా ఎలా చేస్తుందో అందులో ఉన్నంత వివరంగా ఏ కోటీశ్వరుడూ రాయలేదు. ఆ మాస్టారు తనకొచ్చిన పురస్కారాల సొమ్ముని డిపాజిట్ చేసుకోలేదు. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం కట్టారు.

పైదేశాల సంగతీ ఇంతే. పొదుపు సూక్తులన్నీ పోగేసి 1758లో 'ది వే టు వెల్త్' రాసిన బెంజమిన్ ఫ్రాంక్లిన్, అంతకు చాలా ముందే 1731లో ఫిలడెల్ఫియాలో స్నేహితులతో చందాలేసుకుని లైబ్రరీ పెట్టాడు. పుస్తకాలు ఎవరికి వారు కొనుక్కునే స్తోమత లేక పంచుకున్నారు. సంపాదనలో పదో వంతు ముందు నీకోసం తీసిపెట్టుకోమని చెప్పే 'ది రిచెస్ట్ మ్యాన్ ఇన్ బాబిలోన్' పుస్తకంగా వచ్చింది 1926లో. అంతకుముందు అవి చిన్నచిన్న కరపత్రాలు, బ్యాంకులూ బీమా కంపెనీలే జనానికి పంచిపెట్టేవి. బ్యాంకులు పంచిన సరుకుని ఇప్పుడు జనం కొనుక్కుంటున్నారు.

మేమూ ఊరికే అడగడం లేదు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. ఇంటిపన్ను 2,500 అయితే దాని మీద 200 పుస్తకాలదే. రెండేళ్ళలో నేనా 399 కట్టేశాను, పైన ఒక రూపాయి చిల్లర కూడా. ఇలా వసూలైన పన్ను స్థానిక సంస్థల నుంచి గ్రంథాలయ సంస్థలకి సకాలంలో చేరదన్నది పేపర్లలో తరచూ కనిపించే వార్త. అంటే రిజిస్టర్లో నేను చూసిన ఖాళీ గడి ఒక్కాయన సమస్య కాదు.

అసలు మాట ఇది. పలాస జీడిపప్పు బట్టీలో రోజుకూలికి పప్పు ఒలిచే ఆవిడకి, ఉద్దానం నుంచి వలసపోయే కుర్రాడికి డబ్బు లెక్క తెలియడం నాకన్నా అవసరం. ఆ పుస్తకానికి 399 పెట్టకూడని వాళ్ళూ వాళ్ళే. కొనగలిగిన వాడికి దాని అవసరం తక్కువ. కాబట్టి దాని చోటు కొట్లో కాదు, లైబ్రరీ అల్మారాలో. ఒకటి పోతే ఇంకోటి ఉండేలా, తెలుగులో, నాలుగైదు కాపీలు.

డబ్బెక్కడిదంటారా? పదేళ్ళు ఎవరూ ముట్టని ఖాతాల సొమ్ము 2014 నుంచి మీ దగ్గరున్న డిపాజిటర్ల విద్య, అవగాహన నిధికి చేరుతోంది. హక్కుదారులొస్తే తిరిగి ఇవ్వాల్సిందే, కాదనను. కానీ ఆ నిధి ఉన్నదే ఖాతాదారులకి తెలివిడి కలిగించడానికి. మావాళ్ళు బ్యాంకుల్లో మరిచిపోయిన డబ్బుతో మావాళ్ళకి పుస్తకాలు కొనిపెట్టమంటే తప్పా? మోసాల మీద 2022లో మీరు వేసిన 'బి అవేర్' లాంటివి వెబ్‌సైటులో ఉచితంగానే ఉన్నాయి. వాటిని కూడా తెలుగులో అచ్చు వేసి ప్రతి శాఖా గ్రంథాలయానికీ పంపండి.

ఈలోగా మా ఇంటి కమిటీ తాత్కాలిక తీర్మానం చేసింది: ముందు అరువు తెచ్చి చదవడం, తిరిగి ఇచ్చేశాక కూడా మళ్ళీ కావాలనిపిస్తేనే కొనడం. నెలలోగా తమ నుంచి జవాబు రాకపోతే ఆమోదించినట్టే భావిస్తాం.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక ఖాతాదారుడు

తా.క.: కాదు, కొనాల్సిందేనని తమరు తీర్పు చెబితే ఆ 399 రూపాయల్నీ బ్యాంకులకిచ్చే రెపో రేటుకే నాకూ అప్పుగా ఇప్పించగలరు. మా వీధిలో నూటికి నెలకి మూడు రూపాయల వడ్డీ నడుస్తోంది.