ఆహార్యము లేని ప్రవేశము: సటీకాతాత్పర్యము

మూలము: “పుటను నిలువరించు స్టైల్‌షీటును వాయిదా వేయుము, స్కోరు నూఱగును.”

అవతారిక: వెబ్‌సైటుల వేగమును తూచి నూటికిన్ని మార్కులని తీర్పు చెప్పు పరీక్షాయంత్రములు పుట్టిన పిదప, చదువరి యేమి చూచెనను విచారమును విడిచి, యంత్రమేమి మెచ్చెనను చింతతోనే పొద్దుపుచ్చు వేగాచార్యులు పెక్కండ్రు బయలుదేరిరి. తమ ప్రతి నివేదికయందును వారుపదేశించు మంత్రమిదియే.

ప్రతిపదార్థము: సుగమము.

తాత్పర్యము: విశేషములచే తెలియనగును.

విశేషములు: భరతుడు అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికమని నాలుగు తెఱగులుగా విభజించెను గదా. అందు పుటలోని మాటను చెప్పు హెచ్‌టీఎంఎల్ వాచికము, స్టైల్‌షీటున వేషమును నిర్దేశించు సీఎస్ఎస్ ఆహార్యము. 1994లో హోకన్ వియుమ్ లీ ప్రతిపాదింపగా 1996 డిసెంబరులో ప్రమాణమై వెలసిన ఈ సీఎస్ఎస్ మూలముననే మాట వేఱు, వేషము వేఱు అయినవి. బ్రౌజరు స్వతహాగా మర్యాద యెఱిగినది. పుట తలభాగమున స్టైల్‌షీటు లంకె కనబడెనా, అది దిగివచ్చునంతవఱకు తెర తీయదు.

తెర యన్నంతనే భామాకలాపము స్మృతికి వచ్చుచున్నది. ఇరువురు పట్టిన తెర వెనుక నిలిచిన సత్యభామ, ముఖమైనను చూపకమున్నే, రాగిడియు చంద్రవంకయు కుచ్చులును గల తన జడను తెరమీదుగా ఇవతలికి జాఱవిడుచును. పాదములు తాళమును పలుకుచుండ, భాగవతులు ప్రవేశదరువెత్తుకొనగా, ఆ జడయొక్కటియే ఆమె రూపగర్వమును, సవతులపై అసూయను, కృష్ణునిపై అధికారమును సభకు విన్నవించును. ఎవరేని తన్ను గెలిచినచో ఈ జడ కోయవచ్చునని పండితులకు సవాలట! స్త్రీవేషము ధరించిన పురుషుడు తెరచాటున నిలిచి జడమాత్రముచే సభను గెలుచుకొనుట యేపాటి విద్య! దీనినిగూర్చి ఇంకను వ్రాయవలసియున్నది గాని, ప్రకృతమనుసరింతము.

ఆ జడయే మనకు సిద్ధాంతము. తొలిచూపున కనబడు భాగమునకు చాలినంత సీఎస్ఎస్‌ను ఏఱి, పుట తలలోనే ఇమిడ్చి, సర్వరు తొలివిడత పంపగల సుమారు 14 కిలోబైట్లలో అది ఒదుగునట్లు చేసి, తక్కినదానిని తీరికగా రప్పింపవచ్చును. ఇందు శ్రమ కలదు గనుక ఆచార్యులు వేఱుదారి త్రొక్కిరి. ఆ స్టైల్‌షీటు ‘ప్రింట్’ కొఱకేయని వ్రాయుదురు. కాగితముపై అచ్చుకే గదాయని బ్రౌజరు వేచియుండక తెర తీయును. అది దిగినంతనే ‘ఆల్’ అని మాట మార్చుదురు. ఉన్న ధర్మమును మఱుగుపఱచి లేనిదానినారోపించుటచే ఇచట అపహ్నుత్యలంకారము. వ్యాజోక్తి యనరాదు, వ్యాజోక్తికి గుట్టు ముందే బయటపడియుండవలెను, ఇచటనో అది తరువాతగాని బయటపడదు. బయటపడినపుడు చూడవలెను ఆ వైభవము! నీలపు అక్షరముల క్రింద గీతలు, నిలువునా జాఱిన మెనూ చుక్కలు, వెదకుటకై మూలనుండవలసిన భూతద్దపు గుర్తు తెరనిండ ఉబ్బి నిలుచుట. కనుఱెప్పపాటులో అంతయు సర్దుకొనును.

దీనికి జడిసి, స్క్రిప్టు వచ్చువఱకు పుటనంతటిని అదృశ్యము చేయువారు మఱికొందఱు. స్క్రిప్టు రాకున్న మిగులునది తెల్లదనమే.

తెలుగు చదువరికి ఇంకొక శిక్ష, ఫాంటు. మొదట ఫోనులోని ఫాంటుతో వార్త కనబడును. రెండు గీతల సిగ్నలుపై వెబ్‌ఫాంటు ఈడ్చుకొనుచు వచ్చి దానిని తొలగించును. అక్షరముల వెడల్పు మాఱి, పంక్తులు వేఱుచోట విఱిగి, పేరా క్రిందికి జాఱును. అల్పపీడనమెటు పోవుచున్నదో చూతమని వ్రేలు మోపితిని; వ్రేలు దిగులోపల వార్త జాఱి, ఆ చోటికి వచ్చిన రుణముల యాప్ ప్రకటన తెఱచుకొన్నది. అయ్యా, నాకు రుణమక్కఱలేదు, వాన కబురు కావలెను! తాత్కాలికపు ఫాంటును ‘సైజ్-అడ్జస్ట్’ చేత రాబోవుదాని కొలతకు సరిచేయుట, లేదా ‘ఫాంట్-డిస్‌ప్లే’ను ‘ఆప్షనల్’ గావించి, ఆలసించి వచ్చినదానిని ఆ పూటకు లోనికి రానీయకుండుట, రెండును ఒకటి రెండు పంక్తుల పని. ఈ కుదుపును కొలుచు లెక్క ఆ యంత్రముననే కలదు, 0.1 మించకున్న క్షమ్యమందురు. కాని ఆచార్యుని గదిలోని లైనుపై ఏ కుదుపును పుట్టదు.

పాఠాంతరము: ఒకానొక ప్రతిలో ‘నూఱగును’ అనుచోట ‘తొంబదియాఱగును’ అని కలదు. దీనిని లేఖక ప్రమాదమందురు గాని, ఆ ప్రతిని వ్రాసినవాడు తన పుటను ఒకమాఱు చౌక ఫోనులో తెఱచి చూచినవాడై యుండునని నా యభిప్రాయము.