ఆర్‌డీ పైపు నీలం పడితే: ఇంజన్ జోలికి పోకుండా నయం చేసే మార్గాలు

ఆర్‌డీ 350 మోటార్‌సైకిల్ ఇంట్లో ఉన్నవాళ్లకు ఈ బెంగ ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. రెండు సిలిండర్లు, రెండు కార్బొరేటర్లు, రెండు సైలెన్సర్లు. ఎడమ బెండ్ పైపు క్రోమ్ మీద మొదట పసుపు, తర్వాత ఊదా, చివరికి నీలం తేలుతుంది. కుడి పైపు మాత్రం తళతళలాడుతూనే ఉంటుంది. తొందరపాటు మనుషులు వెంటనే ప్లగ్గులు విప్పేస్తారు. మీరు ఆ పని చేయకండి.

ముందు, దోషమంతా నీలం పడ్డ పైపుదేనని తీర్మానించుకోండి. అవతలి పైపును అనుమానించడం మర్యాద కాదు. అది చల్లగా, మెరుస్తూ, తోక దగ్గర కాస్త నల్లటి జిడ్డు కార్చుకుంటూ పెద్దమనిషిలా కూర్చుని ఉంటుంది. కుడి సిలిండర్ మిస్సింగ్ కొడుతోందనీ, బండి బరువంతా ఎడమదే లాగుతోందనీ, అందుకే అది కాలిపోతోందనీ పాత మేస్త్రి ఎవరైనా అనొచ్చు. పట్టించుకోకండి. ఆఫీసులో పనిచేసేవాడికే కదా మెమో ఇస్తాం.

ఇక వేడి కొలవడం. చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేసి, కాసేపటికి రెండు బెండ్ పైపుల మీదా ఒకే చోట నాలుగేసి నీటి చుక్కలు చిలకరిస్తే, ఒకవైపు చుర్రుమని ఎగిరిపోయి రెండోవైపు అలాగే నిలుస్తాయి. ఏ సిలిండర్ పనిచేయడం లేదో అక్కడికక్కడే తేలిపోతుంది. పైసా ఖర్చు కాని పరీక్షను ఎలా నమ్ముతాం? కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటర్ ఇంట్లో ఉంటే అది తెచ్చి గురిపెట్టండి. మనిషి జ్వరం దాటితే దానికి లెక్క తెలియదు కాబట్టి రెండు పైపుల దగ్గరా ‘హై’ అనే చూపిస్తుంది. రెండూ సమానమేనని సంతోషించి లోపలికి వెళ్లి కాఫీ తాగండి. అనుమానం తీరకపోతే రెండు అరచేతులూ చెరో పైపుకీ ఆనించి, మర్నాడు బొబ్బలు పోల్చి చూసుకోండి.

ప్లగ్గులు చూడక తప్పని పరిస్థితి వస్తే ఒక్క జాగ్రత్త తీసుకోండి: విప్పీ విప్పగానే రెండింటినీ ఒకే డబ్బాలో వేసి గలగలలాడించాలి. ఏది ఎటు వైపుదో తెలిస్తే ప్రమాదం. తెల్లబడ్డ ప్లగ్గు గాలి ఎక్కువై పెట్రోలు తగ్గిందని, నల్లగా తడిసినది మంట సరిగా లేదని, గోధుమ రంగుది అంతా బాగుందని చెప్పేస్తాయి. ఎడమది కుడికీ కుడిది ఎడమకీ మార్చి చూడటం మరీ పాడు అలవాటు. జబ్బు ప్లగ్గుతో పాటు అటు మారితే ప్లగ్గు తప్పు. మారకపోతే ఆ వైపు కాయిలో, పాయింటో, కార్బొరేటరో. ఇంత సులువుగా దొంగ దొరికితే ఆదివారం ఎలా గడుస్తుంది? ప్లగ్గులు, కాయిళ్లు, పాయింట్లు, జెట్లు అన్నీ ఒకేసారి మార్చేయండి. ఏది చెడిందో జన్మలో తెలియదు, బిల్లు మాత్రం ఘనంగా ఉంటుంది.

కుడి సైలెన్సర్ ఆగకుండా తెల్లపొగ కక్కుతూ, గేరు ఆయిలు తరుగుతూ ఉంటే, కుడి క్రాంక్ సీలు పోయి ఇంజన్ గేరు ఆయిలు తాగుతోందంటారు. మీరు ఆయిలు పోస్తూ ఉండండి. ఎడమ సీలు పోతే పొగ కూడా రాదు. అది గాలి పీలుస్తుంది. యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ అరుపు వెంటనే దిగదు. దాన్ని బండి హుషారుగా భావించాలి.

మైలేజీ సంగతి మరవకూడదు. 1983లో ఎస్కార్ట్స్ ఈ బండిని మన రోడ్ల మీదికి తెచ్చినప్పటి నుంచీ కొన్నవాడికి ఎదురయ్యే మొదటి ప్రశ్న అదే. కంపెనీ కూడా తర్వాత బలం తగ్గించి ఎల్‌టీ అనే రకం దింపింది. కాబట్టి నీలం పడ్డ వైపు ఇంకో సైజు చిన్న జెట్టు బిగించండి. పెట్రోలు తగ్గితే మంట తగ్గుతుందని పొయ్యి దగ్గర చూస్తూనే ఉన్నాం. టూ స్ట్రోకులో పెట్రోలు తగ్గేకొద్దీ వేడి పెరుగుతుందన్నది మేస్త్రీలు పుట్టించిన మాట. టూటీ ఆయిలు డబ్బా ఒకసారి పూర్తిగా ఖాళీ అయి, మళ్లీ నింపినప్పుడు పంపులో చేరిన గాలిని బ్లీడ్ స్క్రూ విప్పి వదలాలన్నదీ అంతే. ఆయిలు తన దారి తానే చూసుకుంటుంది.

ఫ్లాంజి దగ్గర గ్యాస్కెట్ లీకై నల్లటి చారలు కడితే ఎమ్-సీల్ పట్టించండి. అది ఒక్క షికారుకే మాడి రాలిపోతుంది, మళ్లీ పట్టించండి. నీలం మరీ కంటికి కొడుతుంటే సిల్వర్ పెయింట్ వేయండి, సాక్ష్యం మాయమవుతుంది. బాఫిళ్లు కార్బన్‌తో పూడుకుపోయాయంటే శుభ్రం చేయడం దండగ, పీకి పారేయండి. పికప్ పోయినా చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు విని వచ్చిన ట్రాఫిక్ పోలీసులు సైలెన్సర్లను రోడ్డు రోలర్ కింద పెట్టిస్తే రెండూ సమానంగానే చదునవుతాయి.

ఇవన్నీ శ్రద్ధగా పాటిస్తే ఏదో ఒకరోజు హైవే మీద మంచి వేగంలో ఎడమ పిస్టన్ పట్టేస్తుంది. వెనక చక్రం బిగుసుకుంటుంది. అప్పుడు మాత్రం వెంటనే క్లచ్ నొక్కండి. ఇది నిజం సలహా. పైవన్నీ పాటించినవాళ్లకే ఇది అవసరం పడుతుంది.

తర్వాత బండిని తోసుకుంటూ ఇంటికి తెచ్చి, తుడిచి, అమ్మకానికి ప్రకటన ఇవ్వండి. ‘చిన్న ట్యూనింగ్ పని ఉంది. ఇంజన్ ఇంతవరకూ విప్పలేదు’ అని రాయండి. రెండో వాక్యం నిజమే.