పైకప్పు ఉన్నవాడిదే సూర్యుడు

డాబా మీద సోలార్ పలకలు పెట్టుకోండి, 3 కిలోవాట్లకు 78 వేల రాయితీ అంది ఢిల్లీ, 2024 ఫిబ్రవరిలో.

మార్చి నుంచి తెల్లకార్డు ఇంటికి 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు అంది హైదరాబాద్.

బిల్లే రాని ఇంటాయన పలకలెందుకు పెడతాడు? ఆ సంగతి రెండు సర్కార్లూ తీరిగ్గా కూర్చుని తేల్చుకోవాలి.

పోనీ, బిల్లు వాచిపోయేవాళ్లున్నారుగా! ఉన్నారు. కాకపోతే అద్దెకున్నారు. డాబా ఓనరుగారిది, బిల్లు వీళ్లది. సూర్యుడు ఇద్దరికీ మధ్యవర్తి.

అపార్ట్‌మెంట్ అయితే ఇంకా సుఖం. కప్పు అందరిదీ. అంటే ఎవరిదీ కాదు. ఉన్న కాస్త జాగాలో వాటర్ ట్యాంకు, డిష్ యాంటెన్నాలు, మూడో అంతస్తువారి ఒడియాలు.

సొంత డాబా ఉన్న భాగ్యవంతుడు ముందు సొమ్ము కట్టాలి, లేదా లోను తెచ్చుకోవాలి. పలకలు బిగించి, అధికారులు చూసి సరేనన్నాక రాయితీ ఖాతాలో పడుతుంది. పేదవాడు ధనవంతుడయ్యాక అందే సాయమన్నమాట.

సున్నా బిల్లువారికీ ఓ పరీక్ష ఉందండోయ్. 200 దాటి ఒక్క యూనిట్ తిరిగినా మొత్తం బిల్లు కట్టాల్సిందే. ఫ్రిజ్‌ల మీద నక్షత్రాలు అంటించి ఇన్నేళ్లుగా నేర్పలేని పొదుపు ఆ ఒక్క యూనిట్ నేర్పింది. నెలాఖరులో తాతయ్య ఫ్యాను కట్టేసి విసనకర్ర తీస్తున్నాడు.

అద్దెవారికి మనవి: ఎండ ఇప్పటికీ ఉచితమే. కార్డు అక్కర్లేదు, దరఖాస్తూ అక్కర్లేదు. వీధిలోకొచ్చి నిలబడితే చాలు.