‘లైన్ ఓకే సార్’ సూత్రానికి టీకా తాత్పర్యాలు

మూలం:

లైన్ ఓకే సార్, సిస్టం చెక్ పణ్ణుంగ.

అవతారిక. గుడియాత్తం నెల్లూరుపేటలో (ఇది నెల్లూరులో లేదని దూరదేశపు పాఠకులు గ్రహింతురు గాక) ఒకానొక గృహస్థు డెస్క్‌టాప్ ముందు కూర్చుని ఈ-వే బిల్లు వేయబోయెను. లుంగీల మూటలు వాకిట్లో ఆటో ఎక్కి ఉన్నవి. పేజీ తెరుచుకోదు. తెల్లని తెర మీద చిన్న చక్రం తిరుగుతూ ఉంటుంది. ఇక రాదనుకుని లేవబోతే తెరుచుకుంటుంది, తెరుచుకున్నాక గుర్రమే. ఇంకో కొత్త చోటికి పోతే మళ్లీ చక్రం. ఫిర్యాదు ఇవ్వగా, అవి గంగమ్మ శిరసు పండుగ రోజులు, ఊరంతా తిరునాళ్లలో ఉన్నది, కొంత ఆలస్యంగా ఇంటర్నెట్ కంపెనీవారొకరు వేంచేసి, తన ఫోనులో స్పీడ్ టెస్ట్ నడిపి, ముల్లు వంద దాటించి చూపి, పై సూత్రాన్ని పలికి నిష్క్రమించెను. ఆయన బండి వీధి మలుపు తిరగకముందే ఫిర్యాదు సంతృప్తికరంగా పరిష్కరింపబడినదని మెసేజి వచ్చెను. ఎవరి సంతృప్తి అన్నది మూలంలో లేదు.

కోలాచల మల్లినాథసూరి మెదకు సీమవాడు, కాళిదాస కావ్యాలకు సంజీవని రాసిన మహానుభావుడు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టి మరీ టీకలకు కూర్చున్నాడు. మొదటి నియమం మాకు శిరోధార్యం. రెండోది పాటిస్తే ఈ టీక పుట్టదు.

ప్రతిపదార్థం. లైన్ = స్తంభం మీంచి కిటికీ సందులోగుండా ఇంట్లోకి దిగిన నల్లతీగ. ఓకే = స్పష్టము. సార్ = సంబోధన; ఇది వినబడిన వాక్యంలో పని జరగదని సంప్రదాయం.

లైన్ ఓకే అన్నది సత్యమా? సత్యమే. ఏడుపంతా అక్కడే ఉంది. స్పీడ్ టెస్ట్ అనేది ఒక సర్వరును ఎంచుకుని, దాని చిరునామా తెలిసిపోయాక, అక్కడినుంచి బిట్లు ఎంత జోరుగా వస్తున్నాయో కొలుస్తుంది. చిరునామా తెలుసుకోవడానికి పట్టిన కాలం దాని లెక్కలోకి రాదు. మా జబ్బు ఉన్నది సరిగ్గా ఆ లెక్కలోకి రాని చోట. కాలు విరిగినవాడికి జ్వరం చూసి, లేదు పొమ్మన్నట్టయింది.

కంప్యూటర్లకు పేర్లు పట్టవు, అంకెలే పట్టును. పేరు చెబితే అంకె చెప్పేవాడు నేమ్‌సర్వరు. ఆదిలో పేర్లన్నీ ఒకే పట్టీలో ఉండేవి. కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్‌లర్ బృందం ఆ పట్టీని నిర్వహించేది. తక్కిన కంప్యూటర్లు దాన్ని దించుకునేవి. పట్టీ పెరిగి మోయలేనిదయ్యాక, 1983లో పాల్ మొకపెట్రిస్ ఆ భారాన్ని పంచే పద్ధతి రాశాడు. 1987లో అది 1034, 1035 సంఖ్యల ఆర్‌ఎఫ్‌సీలుగా స్థిరపడింది. ఎవరి పేర్ల లెక్క వాళ్లు చూసుకోవాలి. తెలియనివాడు తెలిసినవాడి వాకిలి చూపాలి. జవాబుతోపాటు, దీన్ని ఇంతసేపే గుర్తుంచుకో, ఆపైన మళ్లీ అడుగు అని గడువు కూడా చెప్పాలి.

ఈ గడువు మాట రాగానే కలం వేలూరు కోటవైపు తిరుగుతోంది. ఆపడం మా వల్ల కాదు.

మా పెద్దలు రాయవేలూరనే అనేవారు. కోటలోని జలకంఠేశ్వరాలయం విజయనగరం నాటిది, చిన్నబొమ్మినాయకుడు కట్టించాడంటారు. లోపలికి వెళ్లగానే కల్యాణమండపం. స్తంభానికొక గుర్రమో యాళియో ముంగాళ్లెత్తి మీదికి వస్తున్నట్టుంటుంది. దాని పొట్టకింది మనిషిని చూడాలంటే మీరు వంగాలి, వంగితే ఇంకొకటి కనిపిస్తుంది, పొద్దుగూకుతుంది. ఆ మండపాన్ని విడదీసి సీమకు తీసుకుపోదామని దొరలు ముచ్చటపడ్డారనీ, అందుకు రావలసిన ఓడ మునిగిపోయిందనీ ఊళ్లో చెప్పుకుంటారు. మునిగిన ఓడల్లో ఇంత పుణ్యం చేసుకున్నది మరొకటి ఉండదు. 1806 జూలై 10న సిపాయిలు తిరగబడ్డదీ ఈ కోటలోనే. ఇంత గుడిలో తరతరాలుగా స్వామి లేడు. గుడి ఆయుధాల కొట్టు అయింది. లింగం సత్తువాచ్చారిలో ఉండేది. 1981లో గానీ తిరిగి గర్భగుడి చేరలేదు. దేవుడు లేని గుడి, నీళ్లు లేని ఏరు, రాజు లేని కోట అని వేలూరును ఎకసెక్కం చేసేవాళ్లు. అందులో మొదటిది తీరింది. రెండోదైన పాలారు సంగతి వానలనడగాలి. మూడోదానికి పురావస్తుశాఖ ఉన్నది.

అన్నేళ్లూ జలకంఠేశ్వరుడెక్కడ అంటే కోటలో అనే జవాబు. ఉన్నది సత్తువాచ్చారిలో. గడువు మీరిన జవాబంటే ఇదే. ‘మీ ఇంటి జబ్బు పాత జవాబు కాదు గదా, దృష్టాంతం ఎట్లా అతుకుతుంది?’ అని తార్కికులు ఆక్షేపించవచ్చు. ఆక్షేపించుకోండి. ముందు వెళ్లి మండపం చూసిరండి.

ప్రకృతం. చెక్ పణ్ణుంగ = అరవంలో, చూసుకోండి. సిస్టం = నీది. తప్పు నీదని మర్యాదగా చెప్పడానికి ఇంతకంటే పొట్టి మాట ఏ భాషలోనూ లేదు. తీగ కంపెనీది, పెట్టె కంపెనీది, బిల్లు కంపెనీది. సిస్టం ఒక్కటే గృహస్థుది గనక దోషం అందులోనే ఉండి తీరాలన్నది సూత్రకర్త హృదయం.

వేలూరులో చదువుకునే మేనల్లుడు ఆదివారం వచ్చి చూశాడు. “స్పీడ్ కాదు మామా, పేరు వెతకడంలో పోతోంది టైమ్” అన్నాడు. మా డెస్క్‌టాప్‌లో ఉన్నది లినక్స్. రౌటర్ దానికి రెండు నేమ్‌సర్వర్ల చిరునామాలు ఇచ్చి ఉంది, రెండూ కంపెనీవే. వాడు డిగ్ అనే ఆజ్ఞతో ఒక్కొక్కదాన్నీ విడిగా అడిగాడు. రెండోది రెప్పపాటులో చెప్పింది. మొదటిది ఉలకలేదు. చివరికి తెర మీద ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చింది: వేళ మీరింది, సర్వర్లేవీ అందలేదు అని దాని భావం. ఈ వాక్యపు గాంభీర్యం చూడండి. నెపం ఇంటిమీద వేయలేదు. ముల్లు చూపలేదు. అందనిది అందలేదన్నది. ఇంతటి మాట ఒక్కటి కస్టమర్ కేర్ నోట వింటే చాలు, ఫిర్యాదు సగం మేమే వెనక్కి తీసుకుందుము.

ఇక చక్రం తిరిగే రహస్యం. లినక్స్‌లో పేర్లు వెతికే రిజాల్వరు పట్టీలో మొదటివాణ్ణి ముందు అడుగును. మనం వేరే చెప్పి ఉండకపోతే అయిదు సెకన్లు ఎదురుచూచును. పలుకు లేకపోతే రెండోవాడి దగ్గరికి పోవును. ఇంతవరకు న్యాయమే. కానీ ఇప్పుడే పలకనివాణ్ణి మరుక్షణం ఇంకో పేరుకోసం మళ్లీ మొదటగా అడుగును. దానికి పగా లేదు, జ్ఞాపకమూ లేదు. ఒక వార్తల పేజీకి బొమ్మలు ఒకచోటినుంచి, అక్షరాలు ఇంకోచోటినుంచి, ప్రకటనలు నానాదేశాలనుంచి రావాలి. చోటుకొక పేరు.

పూర్వపక్షం. నాలుగు ఎనిమిదులు వేస్తే సర్వరోగాలూ పోవునని కొందఱు. అనగా 8.8.8.8, గూగుల్ 2009 డిసెంబరులో తెరిచినది. నాలుగు ఒకట్లని మఱికొందఱు. అది 2018 ఏప్రిల్ 1న క్లౌడ్‌ఫ్లేర్ తెరిచినది. కంపెనీనుంచి రెండోసారి వచ్చిన కుర్రవాడు ఎనిమిదుల మతస్థుడు. శ్రద్ధగా వేశాడు. ఎక్కడ? ఉన్న రెండింటి కింద, మూడో వరుసలో. సిద్ధాంతం: మొదటిది చచ్చినా మొదటిదే, అయిదు సెకన్లు దానికి చెల్లించాల్సిందే, రెండోది పలుకుతూనే ఉంది గనక మూడోదాని వంతు రానే రాదు. ఇది వైద్యం కాదు, అలంకారం.

ఇక్కడ టీక పక్కన పెట్టి ఒక మాట. ఆ మొదటి సర్వరు పలకడం లేదని కంపెనీలో ఒక్కరు, ఒక్క ఆజ్ఞ కొడితే తెలిసేది. ఆ తీగ దిగిన ఇళ్లలో ఇంకెంతమంది ఇదే చక్రం చూస్తూ, మన కంప్యూటరే ముసలిదైపోయిందని సర్దుకుంటున్నారో. మా పక్కవీధిలో ఒకాయన కొత్తదే కొన్నాడు. దానికీ చక్రమే. ఆయన ఇంటికి వచ్చినవారు కూడా ముల్లే చూపి పోయారు.

తాత్పర్యం. మా పని మేం కొలిచే చోట సరిగానే ఉన్నది. మీ బాధ ఉన్నచోట మేం కొలవము.

విశేషం. మేనల్లుడు డెస్క్‌టాప్‌లో ఆటోమేటిక్ తీసేసి, పలికే సర్వరును మొదటి వరుసలో వేశాడు. బిల్లులు వెంటనే పడుతున్నాయి. మా ఆవిడ ఫోనూ, టీవీ మాత్రం ఇప్పటికీ రౌటర్ ఇచ్చిన పట్టీనే నమ్ముతున్నాయి. దాన్ని రౌటర్‌లోనే సరిచేద్దామంటే లోపలికి వెళ్లే పాస్‌వర్డ్ కంపెనీ దగ్గర ఉంది. అడిగాం. సెక్యూరిటీ కారణాల వల్ల ఇవ్వరట.