నిజాం కత్తిని కాను

షోలాపూర్ తూర్పు భాగంలో, టవళ్ల మగ్గాలు రాత్రింబవళ్లు దడదడలాడే ఒక పద్మశాలీల ఇంటి అటక మీద, పాత జకార్డు అట్టల పక్కన ఉంటాను. అవ్వ నన్ను నిజాం రజాకార్ల కత్తి అంటుంది. మనుమడైతే బీజాపూర్ సుల్తానులదని గొప్పలు పోతాడు. ఇద్దరికీ సాక్ష్యం ఒక్కటే, నా ఒంటి మీది అరబ్బీ రాత.

నేను పుట్టింది సూడాన్‌లో. మా జాతిని కస్కారా అంటారు. 1885 మార్చి 22న సువాకిన్ రేవుకు చేరువలో, బ్రిటిష్ సేనతో జరిగిన తోఫ్రెక్ పోరులో, నన్ను పట్టిన బేజా పడుచువాడు కూలిపోయాడు. మద్రాసు సాపర్ల దండులోని తెలుగు సిపాయి ఒకడు నన్ను గోనెలో చుట్టి ఓడెక్కించాడు. మిల్లు పనికి ఈ ఊరొచ్చిన అతని కొడుకు బాకీ కింద నన్ను ఈ ఇంట్లో వదిలాడు. 1930 మే నెలలో మార్షల్ లా వచ్చినప్పుడు సోదాలకు జడిసి గుంటమగ్గం గుంటలో పూడ్చారు. ఈ తుప్పు అప్పటిదే.

మొన్న పెళ్లికి హైదరాబాద్ చుట్టం ఒకాయన వచ్చాడు. మ్యూజియంలో ఆయుధాల మధ్య పనిచేసి రిటైరైనవాడు.

"ఏ సుల్తాను పేరుందో చదవండి పెద్దనాయనా."

"రాత తర్వాత, బిడ్డా. అరబ్బీ అక్షరాలు మొరాకోలోనూ చెక్కారు, మన దక్కన్‌లోనూ చెక్కారు. ముందు పిడి చూడు."

నాకు ప్రాణం లేచొచ్చింది. దక్కన్ ఫిరంగి కత్తికి చేతిని కప్పే ఇనుప కాపు ఉంటుంది. నాకు అడ్డంగా ఒక ఇనుప కడ్డీ, తోలు చుట్టిన చెక్కపిడి, అంతే. నిటారుగా, రెండంచులా పదును, మధ్యలో గాడులు. తోలు ఒర కొన దగ్గర ఆకులా వెడల్పవుతుంది. పిడి కింద రెండు నెలవంక ముద్రలున్నాయి. ఐరోపా కమ్మరులు అలాంటివి కొట్టేవారు, సూడాన్ కమ్మరులు చూసి కొట్టేవారు. కాబట్టి వాటిని నమ్మి నన్ను జర్మనీ సరుకనుకోవద్దు.

చివరికి రాత దగ్గరికొచ్చాడు. ఆమ్లంతో తినిపించిన అక్షరాలు, లోతు లేదు. వచ్చిన మాటే మళ్లీ మళ్లీ వస్తోంది, కొన్నిచోట్ల అక్షరమే కుదరలేదు. "చదువు రానివాడు చూసి గీసినట్టుంది" అన్నాడు. నొచ్చుకున్నా, అబద్ధం కాదు. మనుమడి చేతిలోని ఎమరీ కాగితం లాక్కుని, "రుద్దితే ఇదీ పోతుంది. నూనె రాసి పెట్టు చాలు" అన్నాడు.

అవ్వ ముఖం చిన్నబోయింది. "అయితే రజాకార్లది కాదా అన్నా?"

"కాదక్కా. సముద్రం అవతలిది."

"సరే. పక్కింట్లో మాత్రం చెప్పకు."